పని మీది, పేరు మాత్రం ఎవరిది?

ఈ వారం ఎపిసోడ్ విన్నాక చాలామంది ఒకటే మాట అన్నారు: "ఒక్కసారి వింటే గుర్తుండదు, రాసి పెట్టండి, రూమ్‌లో నలుగురికీ చూపిస్తాం." అందుకే మాట్లాడుకున్నదాన్ని వరసగా ఇక్కడ పెడుతున్నా. డ్యూటీ అయ్యాక, చాయ్ తాగుతూ చదువుకోండి.

మా రికార్డింగ్ జరిగేది దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో, ఒక రూమ్‌లో. ఈ పాత గల్లీల్లో నడిచినవాళ్లకు తెలుసు, గోడ కనిపిస్తే చాలు కాగితం అతికించి ఉంటుంది. "బెడ్ స్పేస్ ఉంది." "ఏసీ సర్వీస్, తక్కువ రేటు." "షిఫ్టింగ్, పెయింటింగ్, ప్లంబింగ్." కింద ఫోన్ నంబర్. పోయిన శుక్రవారం కరక్ చాయ్ కోసం దిగినప్పుడు ఆగి చూశాను. అన్ని కాగితాల మీదా నంబర్ ఉంది. ఒక్కదాని మీద కూడా మనిషి పేరు లేదు.

ఎందుకు లేదో మనందరికీ తెలుసు. భయం. అక్కడ పేరు రాస్తే పట్టుబడతాడు. పేరు రాయకపోతే ఎంత బాగా చేసినా రేపు ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఈ వారం మాట్లాడుకున్నది ఈ చిక్కు గురించే. రెండేళ్లకో దేశం, ఆర్నెల్లకో సైటు మారే మనలాంటివాళ్లు సొంతంగా పని సంపాదించుకోవాలంటే, మనల్ని మనం ఎలా చూపించుకోవాలి? ఎక్కడ చూపించుకోవాలి, ఎక్కడ చూపించుకోకూడదు?

ఇది కొత్త కథ కాదు

మన దగ్గర "పాలమూరు లేబర్" అనే మాట ఉంది. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి గుంపులు గుంపులుగా వెళ్లి, నాగార్జునసాగర్ లాంటి ప్రాజెక్టుల్లో, దేశంలో ఎక్కడెక్కడో డ్యాములు, కాలవల దగ్గర మట్టి తవ్వి, రాయి మోసిన మనుషులు. ఆ గుంపుకు పేరుంది. కానీ గుంపులోని మనిషికి? పని మాట్లాడేది మేస్త్రీ, అడ్వాన్సు ఇచ్చేది మేస్త్రీ, కాంట్రాక్టరుకు తెలిసింది మేస్త్రీ. మేస్త్రీ లేకుండా ఆ కూలీ ఒక్కడే పోయి నిలబడితే వాడెవడో ఎవరికీ తెలీదు. అంతకుముందు మన కోస్తా జిల్లాల నుంచి రంగూన్‌కు ఓడెక్కిన వాళ్లదీ మేస్త్రీల లెక్కే.

ఇప్పుడు మేస్త్రీ జాగాలో కంపెనీ వచ్చింది. మెట్రో కట్టాం, 2022 వరల్డ్ కప్‌కు స్టేడియాలు కట్టాం. అందులో డక్ట్ వేసినవాడు, కేబుల్ లాగినవాడు, టైల్ పరిచినవాడు మన రూముల్లోనే ఉన్నాడు. కానీ వీసా మీద "లేబర్" అని ఉంటుంది. ఆరేళ్లు చిల్లర్ రిపేర్ చేసినా, ఊరికి పోయి "నేను చిల్లర్ టెక్నీషియన్‌ని" అంటే చేతిలో చూపించడానికి ఏమీ ఉండదు.

అందుకే మార్కెటింగ్ అనగానే పోస్టరు, ఫేస్‌బుక్ యాడ్ అనుకోకండి. మనలాంటి తిరిగే మనిషికి మార్కెటింగ్ అంటే, చేసిన పనికి రుజువు మన దగ్గర ఉంచుకోవడం, ఆ రుజువు మనతోపాటు దేశాలు దాటేలా చూసుకోవడం. మొదలుపెట్టాల్సింది అక్కడ.

ముందు చట్టం మాట

మన శ్రోత ఒకతను, నిర్మల్ వైపు తమ్ముడు, ఫేస్‌బుక్ గ్రూపులో పోస్టు పెట్టాడు. సొంత ఫొటో, సొంత నంబరు, "శుక్రవారాలు ఏసీ రిపేర్ చేస్తా, విల్లాలకూ వస్తా" అని. మూడు రోజుల్లో రెండు పనులు వచ్చాయి. నాలుగో రోజు కంపెనీ ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. ఆ పోస్టు ప్రింటు తీసి టేబుల్ మీద పెట్టారు. వార్నింగ్ లెటర్‌తో బయటపడ్డాడు. "మంచి మనుషులు కాబట్టి వదిలేశారన్నా" అన్నాడు. నిజమే. అందరికీ అలా జరగదు.

ఖతార్‌లో మన రెసిడెన్సీ ఒక యజమానితో ముడిపడి ఉంటుంది. 2015 నాటి 21వ నంబర్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా వేరేవాళ్ల దగ్గర పనిచేయడం తప్పు. పనిచేసినవాడికే కాదు, పెట్టుకున్నవాడికీ తప్పే. కాబట్టి ఇక్కడ ఉండగా గోడ మీదో ఫేస్‌బుక్‌లోనో "పనికి వస్తా" అని వేసే ప్రకటన మన మీద మనమే రాసిచ్చే కాగితం. "ఆన్‌లైన్ పనే కదా, ఎవరు చూస్తారు" అనేవాళ్లూ ఉంటారు. ఆ ధైర్యం వాళ్లది, వీసా మాత్రం మీది.

మరి దారి లేదా? రెండు ఉన్నాయి.

ఒకటి, పార్ట్‌టైమ్ అనుమతి. మీ కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకుంటే, కార్మిక శాఖ అనుమతితో ఇంకో యజమాని దగ్గర మిగతా టైమ్‌లో పనిచేయొచ్చు. నోటిమాట చెల్లదు. "మేనేజర్ సరే అన్నాడు" అంటే సరిపోదు, కాగితం కావాలి.

రెండు, ఉద్యోగం మారడం. 2020లో వచ్చిన మార్పుతో పాత కంపెనీ ఎన్‌ఓసీ అవసరం లేకుండా పోయింది. రెండేళ్లలోపు చేసినవాళ్లు ఒక నెల, రెండేళ్లు దాటినవాళ్లు రెండు నెలలు నోటీసు ఇచ్చి, కార్మిక శాఖ పద్ధతిలో మారొచ్చు. ఇళ్లల్లో పనిచేసే అక్కలకు, డ్రైవర్లకు కూడా ఇది వర్తిస్తుంది. మీ పని తెలిసిన కంపెనీకి మిమ్మల్ని మీరు చూపించుకోవడం కూడా మార్కెటింగే. పైగా పూర్తిగా చట్టబద్ధం.

ఇక "ఫ్రీ వీసా", కొందరు "ఆజాద్ వీసా" అంటారు. ఏజెంటు చెప్పేదేంటి? "కఫీల్‌కు ఏడాదికింత కట్టు, బయట నీ ఇష్టం వచ్చినట్టు పని చేసుకో, ఫ్రీలాన్సర్‌వి." అలాంటి వీసా చట్టంలో లేదు. ఏదో కంపెనీ పేరు మీద వచ్చిన మామూలు వీసానే పేరు మార్చి అమ్ముతారు. వీసాలు అమ్ముకోవడమే నేరం. పట్టుబడితే పోయేది మీరే, ఏజెంటు కాదు.

ఎపిసోడ్‌లోంచి ఒక ముక్క

*శ్రోత:* అన్నా, దుబాయ్‌లో ఫ్రీలాన్స్ వీసా ఇస్తున్నారట గదా. అది తీసుకుంటే అయిపాయె గదా?

*మేము:* ఉంది తమ్మీ, అబద్ధం కాదు. 2022లో గ్రీన్ వీసా అని తెచ్చారు, అందులో ఫ్రీలాన్సర్లకూ చోటిచ్చారు. కానీ డిగ్రీయో, స్పెషల్ డిప్లొమానో అడుగుతారు. ముందటి ఏళ్ల ఆదాయం కూడా లక్షల దిర్హాముల్లో చూపించాలి.

*శ్రోత:* మరి నాలాంటోనికి?

*మేము:* నీ చేతిలో ఇప్పుడు పని ఉంది, రుజువు లేదు. ముందు రుజువు సంపాదించు. డిప్లొమా కూడా అందులో భాగమే. ఇప్పుడే అప్పు చేసి వీసా కొనకు.

ఖతార్‌లో ఉండగా కూడబెట్టాల్సినవి

డబ్బు పంపడానికి వచ్చాం, పంపుతున్నాం. దాంతోపాటు ఇంకో నాలుగు కూడబెట్టండి. వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

*సర్వీస్ సర్టిఫికెట్.* 2004 నాటి కార్మిక చట్టంలో 53వ అధికరణం ఉంది. పని మానేసేటప్పుడు కార్మికుడు అడిగితే, కంపెనీ ఉచితంగా సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో చేరిన తేదీ, మానేసిన తేదీ, చేసిన పని, జీతం ఉండాలి. "అడిగితే" అన్న మాట గమనించండి. మనం అడగం. టికెట్ చేతికొచ్చిన సంతోషంలో ఎయిర్‌పోర్టుకు పరిగెడతాం. ఫైనల్ సెటిల్‌మెంట్ సంతకం పెట్టేముందే అడగండి. వీసా మీద "లేబర్" అని ఉన్నా, మీరు చేసిన అసలు పని రాయమని మర్యాదగా అడగండి. కష్టమైతే మీ ఫోర్‌మన్ చేత హెచ్‌ఆర్‌కు చెప్పించండి.

*మనుషుల మాట.* మీ పని చూసినవాడు సూపర్‌వైజరు, సైట్ ఇంజనీరు. వాళ్లూ మనలాగే తిరిగేవాళ్లు. ఇవాళ దోహాలో ఉన్న కేరళ ఇంజనీరు వచ్చే ఏడాది రియాద్‌లో ఉంటాడు. ఆయన ఖతార్ నంబరు అప్పటికి పనిచేయదు. అందుకే ఈమెయిల్ తీసుకోండి, లింక్డిన్‌లో కలుపుకోండి. మంచి పని అయిపోయిన వారంలోనే నాలుగు లైన్లు రాసివ్వమనండి. ఏ పని, ఎన్ని నెలలు, ఎలా చేశాడు అని ఉంటే చాలు. ఏడాది తర్వాత అడిగితే ఆయనకే గుర్తుండదు.

*ఫొటోలు, కానీ జాగ్రత్తగా.* అనుమతి లేకుండా ఇతరుల ఫొటోలు తీయడం, ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్లను తీయడం ఇక్కడ నేరం. ప్రభుత్వ కట్టడాలు, గ్యాస్ ప్లాంట్లు, మిలిటరీ జాగాలు అసలే వద్దు. కంపెనీ డ్రాయింగులు కూడా మీవి కావు. మరి ఏం తీయాలి? సూపర్‌వైజర్‌ను అడిగి, మనుషులు లేకుండా, మీరు చేసిన జాయింటు, మీరు కట్టిన ప్యానెల్, మీరు పరిచిన టైలు. అది కూడా కుదరకపోతే రూమ్‌లో ఒక ప్లైవుడ్ ముక్క మీద స్విచ్ బోర్డు వైరింగ్ చేసి తీయండి. కరెంటు పని తెలిసినవాడికి ఆ ఒక్క ఫొటో చాలు, మీ చెయ్యి ఎలాంటిదో అర్థమవుతుంది.

*పని డైరీ.* రోజుకు రెండు లైన్లు. "స్ప్లిట్ ఏసీ 12 యూనిట్లు క్లీనింగ్, 2 కంప్రెసర్లు మార్చాం." రెండేళ్ల తర్వాత "ఏసీ పని వచ్చు" అనే బదులు "ఇన్ని వందల యూనిట్లు సర్వీస్ చేశాను" అని లెక్క చెప్పగలుగుతారు. లెక్క చెప్పేవాడిని నమ్ముతారు.

నంబర్ ఒక్కటే ఉండాలి

తిరిగే మనిషి ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ఖతార్ సిమ్ మీ ఐడీ మీద ఉంటుంది. వీసా క్యాన్సిల్ అయితే సిమ్ పోతుంది, దానిమీద ఉన్న వాట్సాప్ పోతుంది, అందులోని కస్టమర్లు, సార్ల నంబర్లు, ఫొటోలు అన్నీ పోతాయి. తర్వాత అదే నంబరు ఇంకొకరికి వెళ్తుంది.

అందుకని మీ అసలు నంబరు ఇండియా నంబరే పెట్టుకోండి. వాట్సాప్ దానిమీదే నడపండి. 90 రోజులు వాడకం లేకపోతే ఇండియాలో సిమ్ తీసేసే అవకాశం ఉంది. కాబట్టి ఇంట్లో ఎవరికైనా రీచార్జ్ బాధ్యత అప్పగించండి, మీరూ అప్పుడప్పుడూ ఒక మెసేజ్ పంపండి. ఇప్పటికే ఖతార్ నంబరుతో వాట్సాప్ ఉంటే, సెట్టింగ్స్‌లో నంబర్ మార్చుకునే వీలుంది. పాత సిమ్ పోకముందే మార్చండి.

సర్టిఫికెట్లు, లెటర్లు, ఫొటోలు ఒక ఈమెయిల్‌కు పంపి పెట్టుకోండి. ఫోన్ పోవచ్చు, ఈమెయిల్ పోదు. పాస్‌వర్డ్ ఇంట్లో ఒక్కరికి తెలిసి ఉండాలి.

ఒక్క లైనులో మీరెవరు?

"అన్ని పనులూ చేస్తా" అని రాసేవాడికి చిన్న పనులే వస్తాయి. జగిత్యాల దగ్గర లంబాడిపల్లిలో 2012లో మొదలైన మై విలేజ్ షో చూడండి. వాళ్లు సినిమావాళ్లలా మాట్లాడటానికి ప్రయత్నించలేదు. వాళ్ల ఊరు, వాళ్ల పొలం, వాళ్ల మాట చూపించారు. గంగవ్వ గంగవ్వలాగే మాట్లాడింది. జనం ఆమెను పేరు పెట్టి గుర్తుపట్టారు.

మనకూ అంతే. మీ లైను ఇలా ఉండాలి: "ఏడేళ్లు ఖతార్‌లో స్ప్లిట్, డక్ట్ ఏసీల పని. నిర్మల్, ఆదిలాబాద్‌లో ఇంటికొచ్చి సర్వీస్." లేదా "దోహాలో ఐదేళ్లు టైల్స్ మేస్త్రీ. బాత్రూమ్ లీకేజీ లేకుండా చేయడం నా ప్రత్యేకత." పని, అనుభవం, ఊరు. మూడూ ఉంటే చాలు. వీడియో చేస్తే తెలుగులో, మీ యాసలోనే చేయండి. ఏసీలో నీళ్లు ఎందుకు కారతాయో నిమిషంలో చెప్పండి. "నన్ను పిలవండి" అని అడుక్కోవాల్సిన పని ఉండదు.

వీడియో డబ్బు కోసం కాకుండా, పని నేర్పుతూ ఉండాలి. కంపెనీ యూనిఫాం, లోగో, సైటు కనిపించకూడదు. "పనికి వస్తా" అన్న మాట ఇక్కడున్నంత కాలం వద్దు. ఆ లైను ఊరికి పోయాక కలుపుకోండి.

ఊరికి పోయాక మొదటి నెల

ఐదేళ్లు చేసినవాడికి గ్రాట్యుటీ వస్తుంది. ఏడాదికి కనీసం మూడు వారాల బేసిక్. బేసిక్ 1,000 రియాళ్లయితే ఐదేళ్లకు సుమారు 3,500 రియాళ్లు. ఆ డబ్బులో కొంత పెళ్లిళ్లకూ ఫంక్షన్లకూ పోకముందే మంచి టూల్స్ కొనండి.

తర్వాత గూగుల్‌లో బిజినెస్ ప్రొఫైల్ పెట్టుకోండి. ఉచితం. దుకాణం లేకపోయినా, తిరిగే ఏరియా చెప్పి పెట్టుకోవచ్చు. "దగ్గర్లో ఏసీ రిపేర్" అని వెతికినప్పుడు మ్యాప్‌లో కనిపిస్తారు. ప్రతి పని అయ్యాక కస్టమర్‌ను అక్కడే నిలబడి రెండు మాటలు రాయమనండి. మొదటి పది రివ్యూలు మీ నిజమైన పెట్టుబడి. చుట్టాలతో రాయించకండి, చదివేవాడికి తెలిసిపోతుంది.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా ఉచితమే, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అవుతుంది. డబ్బడిగే వెబ్‌సైట్లు అసలువి కావు. మేస్త్రీ, వడ్రంగి, దర్జీ, మంగలి లాంటి 18 వృత్తులవాళ్లకు 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ ఉంది. శిక్షణ, 15,000 రూపాయల టూల్‌కిట్, 5 శాతం వడ్డీకి ముందు లక్ష, తర్వాత రెండు లక్షల లోన్. ఎలక్ట్రీషియన్, ప్లంబర్ ఆ జాబితాలో లేరు. వాళ్లు స్కిల్ ఇండియాలో ఆర్‌పీఎల్ గురించి అడగండి. అంటే, ఇప్పటికే వచ్చిన పనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇవ్వడం.

మళ్లీ బయటికి వెళ్లాలనుకుంటే తెలంగాణవాళ్లకు టామ్‌కామ్, ఆంధ్రావాళ్లకు ఓంక్యాప్ ఉన్నాయి. రెండూ ప్రభుత్వానివే. ప్రైవేటు ఏజెంటు అయితే ఈమైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టర్ అయ్యాడో లేదో చూడండి. ఈసారి "లేబర్" వీసా మీద కాదు, మీరు కూడబెట్టిన కాగితాల బలంతో మీ అసలు పని పేరు మీద వెళ్లండి.

రేటు ఎంత చెప్పాలి?

చాలామంది ఇలా లెక్కేస్తారు: "నెలకు 30,000 కావాలి, రోజుకు 1,000 చెబుదాం." తప్పు. సొంత పనిలో నెలకు 30 రోజులూ పని ఉండదు. 15 రోజులు దొరికితే మంచి నెల. అప్పుడు రోజుకు 2,000 మిగలాలి. పెట్రోలు, టూల్స్ అరుగుదల, ఫోన్ ఖర్చు దానిమీద వేసుకోవాలి. కంపెనీలో ఉన్నప్పుడు రూమ్, బస్సు, టికెట్ వాళ్లవి. ఇప్పుడు అన్నీ మీవి. తక్కువ రేటుతో మొదటి కస్టమర్ వస్తాడు గానీ, తర్వాత అదే రేటు మీ పేరైపోతుంది.

చివరగా

ఎపిసోడ్ అయ్యాక నిర్మల్ తమ్ముడు మళ్లీ ఫోన్ చేశాడు. ఆ ఫేస్‌బుక్ పోస్టు తీసేశాడు. రాత్రిళ్లు డైరీ రాస్తున్నాడు. వాళ్ల ఫోర్‌మన్ చేత నాలుగు లైన్ల లెటర్ రాయించుకున్నాడు. చదివి వినిపించాడు. అందులో మొదటి లైన్లోనే అతని పూర్తి పేరు ఉంది. "ఇన్నేళ్లలో నా పేరు పనితోపాటు ఒక కాగితం మీద చూడటం ఇదే ఫస్ట్ అన్నా" అన్నాడు.

మీరూ ఈ వారం ఒక్క పని చేయండి. మీ పని చూసిన ఒక్క మనిషిని అడిగి నాలుగు లైన్లు రాయించుకోండి. ఇంకేమైనా సందేహాలుంటే వాయిస్ మెసేజ్ పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. జీతం రాకపోయినా, పాస్‌పోర్టు ఇవ్వకపోయినా మాత్రం మాకోసం ఆగొద్దు. కార్మిక శాఖకు, మన ఎంబసీకి, ఐసీబీఎఫ్‌కు వెంటనే చెప్పండి.

జాగ్రత్తగా ఉండండి. ఎండల్లో నీళ్లు తాగడం మర్చిపోకండి.